రొయ్యలమ్మ చెవికి అందని పంపు

మా చెల్లెలి కూతురు చిట్టి మొట్టమొదట గెలిచింది రొయ్యల మీద. ఈ మాట చెబితే విన్నవాళ్ళు నవ్వుతారు. నవ్వనివ్వండి. తను పనిచేసే ప్రయోగశాల ఏళ్ళ తరబడి ఆ రొయ్యల చేతిలో ఓడిపోతూ వచ్చింది. చివరికి వాటిని దారికి తెచ్చింది మా పిల్ల. ఇది గొప్ప కాకపోతే ఇంకేది గొప్పో నాకు తెలియదు.

సముద్రం అడుగున అంతా నిశ్శబ్దమని మనం అనుకుంటాం. నేనూ అలాగే అనుకునేదాన్ని. ఒకసారి చిట్టి తన హెడ్‌ఫోన్ తెచ్చి నా చెవులకు తగిలించింది. తడి కట్టెలు పొయ్యిలో చిటపటలాడుతున్నట్టు ఒకటే మోత.

"ఏమిటే ఇది? ఏమన్నా తగలబడుతోందా?" అన్నాను.

"రొయ్యలు పెద్దమ్మా. వేలెడంత కూడా ఉండవు. ఒక కాలు పటకారులా ఉంటుంది. దాన్ని టప్పుమని మూస్తుంటాయి."

"ఎందుకట?"

"ఎర కోసం కొన్ని, పోట్లాటకి కొన్ని. ఊరికే మూసేవి కూడా ఉండే ఉంటాయి, మన పై వాటా వాళ్ళు తలుపులేసినట్టు."

చిట్టి ప్రయోగశాలలో సముద్రాన్ని వినే యంత్రాలు తయారవుతాయి. గ్లైడరు అంటారు. నేను దాన్ని చేత్తో తాకి చూశాను. మనిషి పొడవున్న పసుపుపచ్చని గొట్టం, దానికి రెండు పొట్టి రెక్కలు. తోసే మోటారు లేదు. లోపల సంచిలో ఉన్న నూనెను అటూ ఇటూ జరుపుకుని మునుగుతుంది, మళ్ళీ జరుపుకుని తేలుతుంది. ఆ మునగడంలో, తేలడంలో ముందుకు జారిపోతూ ఉంటుంది. అలా నెలల తరబడి మనిషి తోడు లేకుండా తిరుగుతూ, దాని నీటి మైకుతో దారిలో ఉన్నవన్నీ వింటుంది. విన్నవాటిలో జలాంతర్గామి ఉందేమో దాని లోపలి కంప్యూటరే తేల్చుకుని, పైకి తేలినప్పుడు కబురు పెడుతుంది. చిక్కంతా ఆ తేల్చుకోవడంలోనే. రొయ్యలున్న రాళ్ళ దగ్గరికి వెళ్ళిందంటే చాలు, దొరికింది దొరికింది అంటూ గోల పెట్టేది. అధికారులు పరుగెత్తుకొచ్చి చూస్తే ఏముంటుంది, రొయ్యలు.

కంప్యూటరుకు నేర్పడమంటే పెద్ద మంత్రం ఏమీ కాదని చిట్టి చెబుతుంది. శబ్దాలను రెండు కుప్పలుగా పోయాలి. ఇవి పట్టించుకో, ఇవి వదిలెయ్. కుప్పలు ఎంత బాగా పోస్తే యంత్రానికి అంత బుద్ధి వస్తుంది. ఆ కుప్పలు పోయడానికి మా పిల్ల పడ్డ పాట్లు ఇన్నీ అన్నీ కావు. మధ్యాహ్నపు ఎండలో, రేవులో ఓడలు కట్టే జెట్టీ కింద రాళ్ళ మీద కూర్చుని, నీళ్ళలోకి మైకు జారవిడిచి, వినబడిన ప్రతిదానికీ పేరు పెట్టేది. ఇది రొయ్య, ఇది అల, ఇది లంగరు గొలుసు, ఇది పంపు. ఒకసారి రికార్డరులోకి నీళ్ళు పోయి ఓ వేసవి పనంతా గంగలో కలిసింది. ఇంకోసారి పీత వైరు కొరికేసింది. దారిన పోయేవాళ్ళు "ఏమ్మా, వల తెచ్చుకోవడం మర్చిపోయావా?" అని ఎగతాళి చేసేవాళ్ళు. చిట్టి తల కూడా ఎత్తేది కాదు.

చివరికి ఒకరోజు గ్లైడరు రొయ్యల రాళ్ళ మీదుగా కిక్కురుమనకుండా వెళ్ళిపోయింది. అటు తరువాత పంపు ఆడుతున్న ఓ చిన్న లాంచీ వస్తే గబుక్కున కబురు పెట్టింది. ఆ రోజు నుంచి ప్రయోగశాలలో మా చిట్టి పేరు రొయ్యలమ్మ. ఇంట్లో ఫోను మోగి "రొయ్యలమ్మ గారున్నారా?" అని ఎవరో పెద్దమనిషి అడిగితే, చేపల కొట్టు అనుకుని నేను పెట్టేశాను. ఆయన దాని పెద్దసారట, ఆ ప్రయోగశాలకు అధిపతి.

అంతకుముందు సాధించినవి మాత్రం తక్కువా? మా కుటుంబంలో లెక్కల్లో నూటికి నూరు తెచ్చుకున్న మొదటి మనిషి తనే. ఓడెక్కి వాంతి చేసుకోని మొదటి మనిషీ తనే. వాళ్ళ నాన్నయితే ఓడను దూరం నుంచి చూసే కడుపు పట్టుకునే రకం. నేను ఊరి బడిలో అయిదో తరగతితో ఆపినదాన్ని కాబట్టి దాని పట్టాల పేర్లు సరిగ్గా రాయలేను. అవి గోడ మీద ఉన్నాయి, వచ్చి చూసుకోవచ్చు.

ఒకసారి గ్లైడరు చేపల వలలో చిక్కుకుంది. పడవ వాళ్ళు మొదట బాంబు అనుకుని హడలిపోయారు, తరువాత కాదని తెలిసి ఇంటికి పట్టుకుపోయారు. పోలీసులను పంపుదామని ఆఫీసులో అన్నారు. చిట్టి వద్దని ఒక్కతే వెళ్ళింది. అక్కడ ఆ ఇంటావిడ గ్లైడరు రెక్కల మీద తడి బట్టలు ఆరేసి ఉంచింది.

"ఇది మాది అక్కా, ఇచ్చేయండి," అంది చిట్టి.

"వల చిరిగింది మాది. నీ గొట్టానికేమైంది, నిక్షేపంలా ఉంది."

"అయితే వల నేను బాగుచేస్తా."

"నీకు అల్లడం వచ్చా?"

"రాదు. మీరు నేర్పితే వస్తుంది."

పొద్దుపోయే దాకా ఆవిడ పక్కన కూర్చుని వల అల్లి, గ్లైడరును బండిలో వేసుకుని తెచ్చింది. మా పిల్ల వేసిన ముడులన్నీ మర్నాడు ఆవిడ విప్పి మళ్ళీ వేసుకుందని తరువాత తెలిసింది. అయినా ఆ రేవులో ఎవరి వలలో గ్లైడరు పడినా ఈనాటికీ ముందు ఫోను మా ఇంటికే వస్తుంది.

ఇక అల్లుడి సంగతి. అల్లుడు జలాంతర్గామిలో పంపుల మెకానిక్కు. అది అణుశక్తితో నడిచేది, దాని కడుపులో ఉన్నవీ అణ్వస్త్రాలే. పెళ్ళికి ముందు ఒకరోజు అది జెట్టీకి కట్టి ఉండగా, అతను పైన ఏదో బిగిస్తూ స్పానరు నీళ్ళలో జారవిడిచాడు. కింద రాళ్ళ మీద హెడ్‌ఫోన్ పెట్టుకుని కూర్చున్న మా పిల్ల చెవుల్లో అది పిడుగు పడ్డట్టే పడింది. హెడ్‌ఫోన్ లాగేసి పైకి వచ్చి అరిచింది.

"ఎవరండీ స్పానరు పడేసింది?"

"స్పానరని ఎలా తెలుసు మీకు?"

"ఎన్నో నంబరుదో కూడా చెప్పగలను."

"చెప్పండి చూద్దాం."

"చెప్పను. దిగి తీసుకుని మీరే చూసుకోండి."

అక్కడ మొదలైంది. పెళ్ళయ్యాక అతను సముద్రం మీదికి వెళ్ళినప్పుడల్లా చిట్టికి తోడుగా నేను వచ్చి ఉంటున్నాను. వెళ్ళినవాడు ఉత్తరం రాయడు, ఫోను చెయ్యడు. చేస్తే ఎక్కడున్నదీ బయటపడుతుంది. ఎప్పుడొస్తావని ఆ ఇంట్లో ఎవరూ అడగరు. అడిగితే అతను అబద్ధం చెప్పాల్సి వస్తుంది, పాపం అతనికి అబద్ధం చెప్పడం చేతకాదు, చెవులు ఎర్రబడతాయి.

ఓసారి భోజనాల దగ్గర నేను ఉండబట్టలేక అడిగేశాను. "మొగుడిది దాక్కునే పని, పెళ్ళానిది వెతికే పని. ఇదేం కాపురమే?"

అల్లుడు పడీ పడీ నవ్వాడు. తరువాత తన గ్లాసును నీళ్ళ జగ్గు వెనక్కి జరిపాడు. "ఇలా వినండి అత్తయ్యా. మా దగ్గర ఇదొకటి ఉందని అవతలి దేశం వాడికి తెలుసు. ఎక్కడుందో తెలీదు. ముందు వాడు కొడితే, కనబడని చోట నుంచి మేం తిరిగి కొడతాం. అందుకని వాడు చెయ్యెత్తడు. వాడి దగ్గరా ఇలాంటిదే ఉంది. అదెక్కడుందో మాకూ తెలీదు. అందుకని మేమూ చెయ్యెత్తం. అంతే, అలా అందరం తిని పడుకుంటున్నాం."

"మరి ఎక్కడుందో తెలిసిపోతే?"

ఈ సారి చిట్టి చెప్పింది. "అప్పుడే భయం పెద్దమ్మా. చూసినవాడికి ఇప్పుడే కొట్టేద్దామా అనిపిస్తుంది. దొరికిపోతున్నానేమో అనుకున్నవాడికి, చేతిలోది పోకముందే వాడేద్దామా అనిపిస్తుంది. ఇద్దరూ మంచివాళ్ళే అయినా సరే, ఇద్దరికీ కంగారే."

"అంత తెలిసీ నువ్వెందుకే ఆ వినే యంత్రాలు చెయ్యడం?"

"నేను మానేస్తే వాళ్ళు మానేస్తారా? ఇలాంటివి వాళ్ళూ చేస్తున్నారు. మావాడు వాళ్ళ చెవిన పడతాడో పడడో, ముందు నా చెవితో చూసుకోవాలి కదా."

నాకు అప్పటికి సగమే అర్థమైంది. కానీ ఆ సగంతోనే చాలా రోజులు గొప్పలు చెప్పుకున్నాను.

అలా చూసుకునే రోజు రానే వచ్చింది. రేవు ముఖద్వారం బయట చిట్టి గ్లైడర్లను వరుసగా వదిలారు. ఆ వారంలో ఏవో కొన్ని పూటల్లో జలాంతర్గామి వాటి పక్కనుంచి వెళుతుంది. ఏ పూటలన్నది చిట్టికి కూడా చెప్పరు. వారం గడిచింది. గ్లైడర్లు ఒక్క కబురు కూడా పెట్టలేదు. జలాంతర్గామి మాత్రం మూడుసార్లు వాటి పక్కనుంచి వెళ్ళిందట. ఇంత సున్నితమైన చెవికే అందకపోతే ఇంకెవరికి అందుతుందని నావికాదళంలో అందరూ పొంగిపోయారు. వినబడలేదని చిట్టి రాసి సంతకం పెట్టింది, పెద్దసారు కింద సంతకం పెట్టాడు. చిట్టికి ఒక షీల్డు ఇచ్చారు, దాన్ని పెద్దసారు తన గదిలో బీరువా మీద పెట్టించాడు. ఆ ఫోటోలో నేను కూడా ఉన్నాను, ఎడమవైపు చివర. ఆ కాగితం మీద నమ్మకంతోనే అల్లుడి జలాంతర్గామి లోతు నీళ్ళలోకి, తన కాపలాకు వెళ్ళిపోయింది.

తరువాత కొన్ని వారాలకు, ఒకరోజు ఉదయం చిట్టి జెట్టీ మీద టీ తాగుతుంటే టగ్గు సరంగు వచ్చి పక్కన నిలబడ్డాడు. పెద్ద ఓడలను తాడు కట్టి లాగే పడవే టగ్గు. దాన్ని నడిపే ఈ సరంగు గొంతు టగ్గు కన్నా పెద్దది. ఇంజను కొత్తగా బాగుచేయించాడట, అదెలా ఉందో తెలుసుకోవాలని ముచ్చట.

"ఏమమ్మా రొయ్యలమ్మా, పరీక్ష వారమంతా నేను మీ గొట్టాల పక్కనే తిరిగాను. నా ఇంజను గురించి మీ యంత్రం ఏమంది? మునుపటి కన్నా మెత్తగా ఉందందా?"

"మీ గురించి ఏమీ అనలేదు బాబాయ్."

"ఏమీ అనలేదా!" సరంగుకు పౌరుషం వచ్చింది. "నా టగ్గు వస్తుంటే జెట్టీ మీద మనుషులు మాట్లాడటం ఆపేస్తారు. మా ఆవిడ వంటింట్లోంచి విని అన్నం వడ్డిస్తుంది. అలాంటిది మీ యంత్రానికి వినబడలేదా? దానికి చెవుడేమో, డాక్టరుకి చూపించండి!"

చిట్టి నవ్వింది. నవ్వుతూనే గ్లాసు కింద పెట్టి రెండడుగులు వేసింది. మూడో అడుగు పడలేదు. రేవు మొత్తంలో అందరికన్నా గోల చేసే పడవ అది. వారమంతా పక్కనే తిరిగింది. తన యంత్రం దాని ఊసే ఎత్తలేదు. ఎత్తకపోవడం ఎవరికీ వింతగా తోచలేదు, తనకి కూడా.

ఆఫీసుకు వెళ్ళి తలుపు వేసుకుని తన కుప్పలను తిరగేసింది. కారణం దొరకడానికి ఎంతోసేపు పట్టలేదు. వదిలెయ్యాల్సిన కుప్పలో పోసినవన్నీ తను జెట్టీ కింద కూర్చుని పోగుచేసినవే. అక్కడ పొద్దస్తమానం వినబడేవి ఏమిటి? రొయ్యలు, అలలు, క్రేను, గొలుసులు, ఆ టగ్గు. టగ్గును కూడా మనింటి చప్పుడే, వదిలెయ్ అని యంత్రానికి నేర్పేసింది. అంతవరకైతే నవ్వుకోవచ్చు. కానీ ఆ రోజుల్లో అదే జెట్టీకి జలాంతర్గామి కూడా కట్టి ఉండేది. దాని అణు యంత్రాన్ని చల్లబరిచే పంపు ఒకటి ఉంటుంది. రేవులో కట్టేసి ఉన్నా దాన్ని ఆపకూడదు. ఆ సన్నని హోరు చిట్టి చేసిన ప్రతి రికార్డులోనూ అడుగున ఉంది. అంటే, ఏ చప్పుడు కోసం యంత్రం చెవులు రిక్కించాలో, సరిగ్గా ఆ చప్పుడునే వదిలెయ్యమని తన చేతులతోనే నేర్పింది. జలాంతర్గామి నిజంగానే నిశ్శబ్దంగా ఉందో, యంత్రమే మనది కదా అని ఊరుకుందో, ఇప్పుడు ఎవరికీ తెలియదు.

మధ్యాహ్నం భోజనం వేళకు ఇంటికి వచ్చింది. నేను బంగాళాదుంపల తొక్క తీస్తున్నాను. భుజాన సంచీ తీయకుండానే నా ఎదురుగా కూర్చుని ఇదంతా చెప్పింది.

"అంటే తప్పు చేశావా?" అన్నాను.

"చేశాను."

"ఇంకెవరికైనా తెలుసా?"

"సరంగు బాబాయికి తెలుసు. తెలుసని ఆయనకి తెలీదు."

చేతిలో ఉన్న దుంప అలాగే పట్టుకుని కూర్చున్నాను. ఉన్నమాట చెప్పాలంటే నాకు ముందు ఆ షీల్డే గుర్తొచ్చింది. "అల్లుడు తిరిగొచ్చాక నెమ్మదిగా చెప్పరాదూ? కొన్నాళ్ళు ఊరుకుంటే కొంపలేమైనా మునుగుతాయా?"

"షీల్డు వెనక్కిచ్చేస్తే తీరిపోయేదైతే ఈ పూటే ఇచ్చి వస్తా పెద్దమ్మా. మావాడు ఎక్కడో అడుగున నిశ్చింతగా పంపు తుడుచుకుంటూ ఉంటాడు. ఎవరికీ వినబడట్లేదనుకుని. ఎవరి మాట నమ్మి? నా మాట నమ్మి."

"వినబడుతోందని ఖాయంగా తెలుసా మరి?"

"అదే తెలీదు. తెలీదన్న సంగతే చెప్పాలి."

లేచి మొహం కడుక్కుంది. తిని వెళ్ళమన్నాను. రెండు ముద్దలు తింది, నా కోసం. అంత కంగారులోనూ పళ్ళెం కడిగి పెట్టి మరీ వెళ్ళింది.

పెద్దసారు గదిలో నావికాదళం నుంచి వచ్చిన తెల్లబట్టల అధికారి కూడా ఉన్నాడు. అక్కడ జరిగింది చిట్టి చెప్పినట్టే రాస్తున్నాను. తను ముందు జెట్టీ రికార్డు ఒకటి పెట్టింది. దాంట్లోంచి రొయ్యలను తీసేసింది, అలలను తీసేసింది, టగ్గును తీసేసింది. ఇక ఏమీ మిగలకూడదు. మిగిలింది. గోడ అవతల తేనెటీగ ఉన్నట్టు సన్నగా, తెగకుండా.

పెద్దసారు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు. అధికారి కిటికీ దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు.

"ఇప్పుడు ఆ జలాంతర్గామిని వెనక్కి పిలిస్తే ఏమవుతుందో తెలుసా అమ్మా?" అన్నాడు అధికారి. "అవతలివాళ్ళు గమనిస్తారు. వేళ కాని వేళ ఎందుకు వెనక్కొచ్చిందా అని ఆరా తీస్తారు. మన దాని మీద మనకే అనుమానం వచ్చిందని వాళ్ళకి తెలిస్తే, తొందరపడి ఏదైనా చేస్తే?"

"వాళ్ళకి వినబడుతుంటే, మనం పిలిచినా పిలవకపోయినా వాళ్ళకి తెలిసే ఉంటుంది సార్. తెలియకుండా ఉన్నది మనకే."

"వినబడకపోతే? ఊరికే పిలిచినట్టు కాదూ?"

"అవుతుంది. ఏది నిజమో చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు. వినబడుతోందనీ అనను, వినబడట్లేదనీ అనను. వినబడలేదని నేను పెట్టిన సంతకం మాత్రం చెల్లదు."

ఆయన కిటికీ తలుపు దగ్గరగా వేశాడట. తరువాత ఇటు తిరిగి, "సరే, పిలుద్దాం. కానీ హడావుడి లేకుండా. పరుగెత్తుకు రావద్దు. కాపలా ముగించుకుని మామూలుగా వస్తున్నట్టే నెమ్మదిగా రావాలి. ఇక్కడ కూడా ఎవరి మొహంలోనూ ఏమీ కనబడకూడదు," అన్నాడు. నాకు ఆయన మీద గౌరవం కలిగింది ఈ మాట విన్నాకే. తప్పు తెలిసిన రోజున గొంతు పెంచనివాడు పెద్ద కుర్చీలో ఉండటం అందరికీ మంచిది.

చిట్టి తన ఉద్యోగం ఊడిందనే అనుకుంది. పెద్దసారు మాత్రం, "దాని మీద నా సంతకం కూడా ఉంది కదా. రేపటి నుంచి కుప్పలు ఇద్దరం కలిసి మొదట్నుంచి పోద్దాం. ముందు ఆ షీల్డు నా బీరువా మీద నుంచి తీసెయ్, చూడలేకపోతున్నా," అన్నాడు. షీల్డు ఇప్పుడు మా ఇంట్లో ఉంది. తీసి దాచాలని చిట్టి, వద్దని నేను. నా మాటే చెల్లింది. తను చేసిన తప్పును తనే పట్టుకుని ఒప్పుకోవడం కూడా నా లెక్కలో ఒక ఘనతే. ఇది ఇంట్లో దాచుకునే సంగతి కూడా కాదిప్పుడు. ప్రయోగశాలలో కొత్తగా చేరినవాళ్ళకు మొదటి రోజే దీన్ని పాఠంగా చెబుతున్నారు. అందుకే నేనూ ధైర్యంగా రాస్తున్నాను.

అల్లుడు ఒకరోజు సాయంత్రం చెప్పాపెట్టకుండా గుమ్మంలో నిలబడ్డాడు. బట్టల నిండా నూనె వాసన, ఎండ తగలక మొహం పాలిపోయి ఉంది. లోపలికి అడుగు పెడుతూనే,

"నా పంపు మీద చాడీలు చెప్పావట?" అన్నాడు.

"చాడీ కాదు, సాక్ష్యం," అంది చిట్టి.

"ఆ పంపు గొంతు నాకు తెలుసు. అది ఒక్కనాడు కూడా పల్లెత్తు మాట అనలేదు."

"ఇది విను," అని హెడ్‌ఫోన్ అతని చెవులకు పెట్టింది. ఉన్నచోటే నిలబడి విన్నాడు. మొదట తల అడ్డంగా ఊపాడు. తరువాత ఊపడం ఆపాడు. మెల్లగా కుర్చీలో కూర్చుని, "మాదే," అన్నాడు. హెడ్‌ఫోన్ తీసి, "దాని అదురు ఆపే రబ్బరు దిమ్మలు గట్టిపడిపోయినట్టున్నాయి. నేను చూసుకోవాల్సింది," అన్నాడు. చిట్టి అతని భుజం మీద చెయ్యి వేసింది. నేను వంటింట్లోకి వెళ్ళిపోయాను, అక్కడ పనేమీ లేకపోయినా.

కొత్తగా పోసిన కుప్పలతో గ్లైడర్లకు మళ్ళీ నేర్పారు. రేవు దగ్గరే పరీక్షిస్తే పంపు దూరం నుంచే దొరికిపోయింది. అల్లుడూ అతని తోటివాళ్ళూ దిమ్మలన్నీ మార్చారు, పంపు గొట్టాలకు కొత్త పట్టీలు వేశారు. ఇప్పుడు రేవులో దాని హోరు వినబడటం లేదు. కానీ రేవును నమ్మే కదా మొదట మోసపోయింది అని చిట్టి దానితో సరిపెట్టుకోలేదు. లోతు నీళ్ళలో, టగ్గులూ క్రేనులూ లేనిచోట, అక్కడి శబ్దాలతో కొత్త కుప్పలు పోసి అక్కడే చూడాలని పట్టుబట్టింది.

మధ్యలో ఇంకో సంగతి జరిగింది, అది కూడా చెప్పాలి. సముద్రం అడుగున ఇలాంటి యంత్రాలు పెరుగుతూ పోతే ఏం చెయ్యాలని చాలామంది నిపుణులు ఒకచోట కూర్చున్నారు. చిట్టిని కూడా పిలిచారు. తన వంతు వచ్చినప్పుడు లేచి, "నా యంత్రం ఇవాళ్టికి ఇంత వింటుంది, వచ్చే ఏడాది ఇంకా సన్నగా వింటుంది. అవతలివాళ్ళదీ అంతే. దాక్కునే చోటు తరిగిపోతూ ఉంటే రెండు వైపులా కంగారు పెరుగుతుంది. సముద్రంలో కొన్ని చోట్ల ఎవరమూ ఇలాంటివి వదలకూడదని ఇద్దరమూ మాట్లాడుకుంటే నయం," అంది. వినే యంత్రాలు చేసే మనిషే వినొద్దంటుందేమిటని ఒకాయన వెక్కిరించాడట. "చెయ్యడం తెలిసిన దాన్ని కాబట్టే అంటున్నా," అంది. ఆ మాటను కాగితం మీద రాసిమ్మన్నారు. రాసిచ్చింది. దాన్ని ఎవరు చదువుతున్నారో, ఏం చేస్తారో ఇంకా తెలియదు.

లోతు నీళ్ళ పరీక్షకు, సముద్రం లోతులు కొలిచే సర్వే ఓడ ఒకటి ఇచ్చారు. దాని మీద వినే జట్టుకు పెద్ద మా చిట్టి. ఎక్కడికి వెళ్ళేదీ నాకు చెప్పలేదు, చెప్పినా ఇక్కడ రాసేదాన్ని కాదు. అక్కడ ఏదో ఒక పూట అల్లుడి జలాంతర్గామి ఆ ఓడ కింది నుంచి వెళుతుంది. గ్లైడర్లు దాన్ని విన్నాయంటే, అది మరమ్మతుకు రేవుకు తిరిగి వస్తుంది, అల్లుడు ఇంటికొస్తాడు. వినకపోతే అట్నుంచి అటే కాపలాకు వెళ్ళిపోతుంది, మళ్ళీ ఎన్ని నెలలకో. ఏదైనా ఉన్నదున్నట్టు రాయాల్సింది చిట్టి.

బయలుదేరే ముందు రోజు మధ్యాహ్నం ముగ్గురం కూర్చుని తింటున్నాం.

"నిజం చెప్పవే," అన్నాను. "వినబడాలని ఉందా, వినబడకూడదని ఉందా?"

"ఇంట్లో ఉన్నంతసేపూ వినబడాలని ఉంది. ఓడెక్కాక వినబడకూడదని ఉంటుంది."

"నేను అడుగున దగ్గితే?" అన్నాడు అల్లుడు.

"దగ్గాడని రాస్తా."

"కట్టుకున్నవాడినని కూడా చూడవా?"

"అది చూసే ఒకసారి చెడింది. పక్కనే కట్టేసి ఉన్నావని నీ చప్పుడంతా మన చప్పుడే అనుకున్నా. ఈసారి పరాయివాడి చప్పుడు విన్నట్టే వింటా."

అల్లుడు కాసేపు తినడం ఆపి దాని వంక చూశాడు. "అలాగే విను," అన్నాడు. "నిన్ను నమ్మి లోపల ఇంకా చాలామందిమి ఉన్నాం." ఆ తరువాత కూరలో ఉప్పు తగ్గిందని నాతో పేచీ పెట్టుకున్నాడు. నిజంగానే తగ్గింది.

తెల్లవారాక ముందు అల్లుడు వెళ్ళాడు. ఎప్పుడొస్తావని ఎవరమూ అడగలేదు. కాసేపటికి చిట్టి సంచీ తగిలించుకుని, హెడ్‌ఫోన్ మెడలో వేసుకుని బయలుదేరింది. వీధి మలుపు దాకా నేనూ వెళ్ళాను. ఓడ మీద జట్టులో అందరికన్నా చిన్నది తనే, అందరూ తన మాట వినాల్సిందే. ఈ సంగతి కూరగాయల కొట్టతనికి చెప్పాను, కింది వాటా వాళ్ళకి చెప్పాను, ఇప్పుడు మీకూ చెబుతున్నాను.

పంపు వినబడిందా లేదా అన్న కాగితం చిట్టి తన చేతులతోనే తెస్తుంది. సర్వే ఓడ రేవు చేరేది మార్చి పద్నాలుగో తేదీన.